తప్పుచోట చప్పట్లు

జిల్లా పేజీలో నాకిచ్చిన చోటు
బెల్లం మండి ధరల కింద, నూట ఇరవై మాటలు.
పద్దెనిమిది రాత్రుల భారతాన్ని
అందులోకే కుదించేవాణ్ణి.
"దుర్యోధనుడి కిరీటం జారింది, రాగం జారలేదు"
అని రాస్తే, ఆ వేషగాడు బస్సెక్కి వచ్చి
బుట్టెడు మామిడిపండ్లు మా గడపలో దించిపోయాడు.
అప్పట్నుంచి నా వాక్యాలంటే నాకే మోజు.

ఒక జూలైలో మునిరత్నం సార్ పిలిచి
గ్రీమ్స్‌పేట చర్చి హాల్లో పియానో అంట, పో, అన్నాడు.
నేను హార్మోనియం మనిషిని సార్, అన్నాను.
అదైనా ఇదైనా మెట్లే కదప్పా, అన్నాడు.

హాలు నిండా ఇస్త్రీ చొక్కాలు, తడి గొడుగుల వాసన.
ఎవరూ ఈల వెయ్యరు.
పద్యం ఎత్తుకుంటే లేచి "వన్స్ మోర్" అనే వాళ్ల ఊరేనా ఇది?
మూత లేపిన పియానో
వాన వెలిశాక ఒక రెక్కే ఆరబెట్టుకునే కాకిలా ఉంది.
దాని ముందు హెప్సిబా అనే పిల్ల,
నర్సింగ్ రెండో సంవత్సరమని పక్కాయన చెవిలో చెప్పాడు.

పైమెట్టు ఒకటి ఉబ్బి మూగబోయింది.
వేలు పడ్డప్పుడల్లా స్వరం రాదు,
చెక్క మాత్రం టక్కుమంటుంది.
నాలుగోసారికి ఆ పిల్ల
ఆ టక్కును కూడా తాళంలోకి లాక్కుంది.
ఇది రాయాల్సింది.
రాయలేదు.

ఒకచోట ఆగింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.
బెంగుళూరు రోడ్డు మీద లారీ ఒకటి
హారన్ ఈడ్చుకుంటూ పోయింది.
అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టాను.
నేనొక్కణ్ణే.
హాలు మొత్తం మెడ తిప్పింది. ఆమె తిప్పలేదు.
అయిపోలేదంట. ఒక భాగానికీ ఇంకో భాగానికీ నడుమ
ఊపిరి తీసుకునే చోటంట అది.

సిగ్గు నా సైకిలు వెనకెక్కి ఇంటిదాకా వచ్చింది.
అన్నం తినకుండా దాన్ని ఆమె మీదికి తోసేశాను:
"కుడిచెయ్యి కచేరీకి వచ్చింది,
ఎడమచెయ్యి హాస్టల్లోనే పడుకుంది."
మునిరత్నం సార్ నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకున్నాడు.
వారం రోజులు ఊళ్లో ఎవరెదురైనా ఆ ముక్కే చెప్పారు.

పన్నెండేళ్లు.
పేపరు పేజీలు తగ్గించింది, డాక్టరు నాకు బెల్లం మాన్పించాడు.
మిషన్ ఆసుపత్రిలో షుగరు పుండుకు కట్టు మార్చే గది.
నా మడమ కింద ఒక ఎడమచెయ్యి,
బరువంతా అదే మోస్తోంది, వణకడం లేదు.
పేరు పట్టీ చదివి
గోడమీది క్యాలెండరు వైపు తిరిగాను.

"మీరు పేపర్లో రాసేవాళ్లు కదా సార్"
అంది, దూది ముంచుతూ.
వాక్యం మొత్తం అప్పజెప్పింది, కామా దగ్గర ఆగి మరీ.
"ఎడమచెయ్యి సంగతి నిజమే సార్.
ఆ పొద్దు మణికట్టు వాచిండింది.
కానీ మూడోదని మీరు రాసినారే, అది రెండోది."

ఇప్పుడూ వాయిస్తావామ్మా?
"ఆదివారాలు, ఆరాధనలో. ఆ మెట్టు బాగు చేయించినారు.
వేలు అక్కడికి పోతే ఇప్పటికీ
టక్కు కోసం చూస్తాది."
పుండు చుట్టూ తుడిచింది. మండింది. అరవలేదు.
"నడుమలో ఎవరో చప్పట్లు కొట్టినారు సార్, గుర్తుందా?
మాయమ్మ ఇప్పటికీ అంటుంటాది,
వాడెవడో గానీ..."

బయట ఎవరో సిస్టర్ అని కేకేశారు.
కట్టు కొసను బిగించి, కత్తెర ట్రేలో పడేసి,
మంగళవారం రండి, తడవనీకండి, అని వెళ్లిపోయింది.

గానీ తర్వాత ఏముంది?
దీవెనా, తిట్టా?
ఫ్యాను తిరుగుతోంది. టింక్చరు వాసన.
నర్సు వెళ్లిన తలుపు ఇంకా ఊగుతోంది.
చేతులు ఒళ్లో పెట్టుకుని
కూర్చున్నాను.